కూర్చుని వినాల్సిన బ్యాండు

సౌండు రికార్డిస్టుగా నా సర్వీసంతా పోర్ట్ బ్లెయిర్‌లోనే గడిచింది. ఏ ఏడు ఏ పోస్టు, ఎప్పుడు ప్రమోషను, ఎవరికి మెమో, ఇవన్నీ రాస్తే నాకే ఆవులింతలొస్తాయి. మా తమ్ముడి కూతురు ఈ మధ్యే ఈ లైన్లోకి వచ్చింది. "అత్తా, అన్నేళ్ళు ఆ గాజు గదిలో కూర్చుని నువ్వు చేసిందేంటి? బటన్లు నొక్కడమేనా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే, దాని తప్పేముంది, మేమెప్పుడైనా చెప్పాం గనకనా అనిపించింది.

అది తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవాలంటే మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. ఇక్కడ పుట్టిన మా పిల్లలందరిదీ అదే తంతు. అందుకని పెద్ద పెద్ద మాటల జోలికి పోకుండా రాస్తున్నాను. అన్నీ రాయను. ఎక్కువగా ఒక్క జాజ్ ఆల్బమ్ గురించే రాస్తాను. ఎన్నో వందల రికార్డింగులు చేశాను గానీ, నోరు తెరుచుకుని ఉండిపోయి చేసింది మాత్రం అదొక్కటే.

చెవి ముందు, మైకు తర్వాత

నేను రేడియోలో చేరినప్పుడు మా ఆఫీసరు ఘోష్ బాబు. కలకత్తా మనిషి. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది, అందుకని మాటలు తక్కువ. మొదటి రోజు నేను హడావిడిగా మైకు స్టాండు పట్టుకుని పాడేవాడి ముందుకు పరిగెడితే, "రఖ్ దో" అన్నారు. పక్కన పెట్టేశాను. "ఒక చెవిలో వేలు పెట్టుకుని గదంతా నడువు. పాట ఎక్కడ బాగా వినిపిస్తే అక్కడ ఆగు. నీ రెండో చెవి ఎక్కడుందో మైకు అక్కడ పెట్టు" అన్నారు.

చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల, మొదటి ఉద్యోగం, కొత్త చీర. చెవిలో వేలు పెట్టుకుని గదంతా తిరుగుతుంటే తబలా ఆయన పకపకా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ నిజంగానే కిటికీకి కొంచెం ఇవతల ఒక చోట ఆ గొంతు ఉన్నట్టుండి నిండుగా వినిపించింది. అడుగు అటు వేస్తే లేదు, ఇటు వేస్తే లేదు. ఆ రోజు నేర్చుకున్నదే నా ఉద్యోగమంతా నాకు అన్నం పెట్టింది.

ఆయన తర్వాత వచ్చిన ఆఫీసరు పేరు రాయను. ఆయనకి చెవులతో పని లేదు, మీటరే. "సూది చూడు, సూది చూడు" అనేవారు. ఒక ముసలమ్మ జోల పాడుతూ పాడుతూ మనవడు గుర్తొచ్చి గొంతెత్తితే సూది ఎర్ర గీత దాటిందని ఆపించేశారు. ఆవిడ మళ్ళీ పాడింది, పాడకేం, చప్పగా పాడింది. సూది ఎర్రలోకి పోతే కొంపలేం మునిగిపోవు. పాట ఆగితే మాత్రం ఆ పాట మళ్ళీ రాదు. పిల్లలూ, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

వాన, విమానం, ఓడ

మా దీవుల్లో రికార్డింగంటే సగం పని చప్పుళ్ళతో బేరాలాడ్డమే. ఏడాదిలో సగానికి పైగా వానే. పైన రేకులు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు "వాన ఆగాక మొదలెడదాం" అంటారు. కూర్చోండి మరి, దీపావళి దాకా కూర్చోండి. నేను రేకుల మీద గోనె సంచులు పరిపించి, అవి జారకుండా తాళ్ళు కట్టించేదాన్ని. వాన చప్పుడు పోదు, మెత్తబడుతుంది. అది చాలు.

ఎయిర్‌పోర్టు పక్కనున్న లంబాలైన్ వైపు అయితే విమానాలు. అవి చాలావరకు పొద్దున్నే వచ్చి పోతాయి. మధ్యాహ్నం గాలి తిరిగాక ఆకాశం ఖాళీ అవుతుంది, కాబట్టి అక్కడ భోజనాల తర్వాతే పని. ఓడ హారన్‌కి మాత్రం మందు లేదు. అది మోగితే అందరం టీ తాగేవాళ్ళం.

మైకేల్ మాస్టర్

నేను రిటైరైన ఏడాది మైకేల్ మాస్టర్ మా ఇంటికి వచ్చారు. వాళ్ళ తాతలు రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. డాలీగంజ్‌లో మా పక్క గల్లీయే కావడంతో ఆయనకి మా తెలుగు కూడా వచ్చు. పరేడ్ బ్యాండులో ట్రాంబోన్ వాయించి, బ్యాండు మాస్టరై, నాకంటే చాలా ముందే రిటైరయ్యారు. మనిషి పొడుగు, మాట నెమ్మది.

"పార్వతీ, నాకు ఒక ఆల్బమ్ చెయ్యాలి. బిగ్ బ్యాండ్ జాజ్" అన్నారు.

నేను టీ కప్పు కింద పెట్టాను. బిగ్ బ్యాండ్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. ముందు వరస శాక్సోఫోన్లు, వెనక గొట్టం లాగుతూ ఊదే ట్రాంబోన్లు, ఆ వెనక ట్రంపెట్లు, పక్కన పియానో, నిలబెట్టి మీటే పెద్ద బాస్, డ్రమ్ములు. పదిహేను మందికి తక్కువ కాకుండా ఉంటారు. ఒక వరస ప్రశ్న అడిగినట్టు ఊదితే ఇంకో వరస జవాబిస్తుంది. మధ్యలో ఒక్కడు లేచి తనకి తోచింది వాయిస్తాడు. వాడు ఎంత దూరం పోయినా మిగతావాళ్ళు వాణ్ణి కాచుకుని ఉంటారు. మాస్టర్ చిన్నప్పుడు హార్బర్‌లో ఆగిన ఒక విదేశీ ఓడ డెక్కు మీద అలాంటి బ్యాండు వాయిస్తుంటే జెట్టీ మీద నిలబడి విన్నారట. ఆ రోజు నుంచి ఆయన తలలో అదే మోగుతోంది.

"మాస్టర్, ఇక్కడ మనుషులెవరున్నారు?" అన్నాను.

"ఉన్నారు. పరేడ్‌లో రిటైరైనవాళ్ళు, పెళ్ళి బ్యాండులవాళ్ళు, చర్చిలో ట్రంపెట్ వాయించే నికోబారీ అమ్మాయిలు ఇద్దరు. నేను అన్నీ రాసి పెట్టుకున్నా. వల లాగేటప్పటి మీ పాట వరస ఉంది, మా రాంచీ వాళ్ళ నాట్యం దెబ్బ ఉంది. సబ్ రెడీ."

"మరి ఇప్పుడెందుకు, ఈ వయసులో?"

ఆయన తన టీ కప్పు కూడా కింద పెట్టారు. తర్వాత అన్నారు: "సునో పార్వతీ. జీవితమంతా మా బ్యాండు జనం ముందు నుంచి వెళ్ళిపోయింది. పరేడ్‌లో వెళ్ళిపోయాం, పెళ్ళి బారాత్‌లో వెళ్ళిపోయాం. గేటు దాకా వచ్చి చూస్తారు, మేం దాటగానే లోపలికి పోతారు. హాల్లో వాయిస్తే భోజనాలు చేస్తూ వింటారు. మమ్మల్ని ఒక్కరంటే ఒక్కరు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా వినలేదు. ఏక్ బార్. ఒక్కసారి మన ఊరి జనం కూర్చుని వినాలి. ఆ తర్వాత ఏమైనా పర్వాలేదు."

నేను ఆ రోజే మైకులు అరువు తెచ్చే పనిలో పడ్డాను.

కుర్చీలు

లంబాలైన్ దగ్గర ఒక పాత హాలు దొరికింది. మాస్టర్ మొదట చేసిన పని కుర్చీలు వేయించడం. తెల్ల కవర్లు తొడిగిన కుర్చీలు, మూడు వరసలు. "బ్యాండుకి కుర్చీలుండాలి. అతిథులకేనా ఏం?" అన్నారు. వాళ్ళు ఇస్త్రీ బట్టల్లో వచ్చి కూర్చుంటే నాకే ముచ్చటేసింది.

ముచ్చట అంతవరకే. ఊదడం మొదలెట్టాక చూడాలి, నీళ్ళు కలిపిన మజ్జిగే! స్వరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, తాళం ఉంది, కానీ ప్రాణం లేదు. నేను చెవిలో వేలు పెట్టుకుని ఆ హాలంతా తిరిగాను, బాగున్న చోటు ఒక్కటీ దొరకలేదు. రెండు మధ్యాహ్నాలు అలాగే పోయాయి. మాస్టర్ మొహం వాడిపోయింది.

మా డ్రమ్మర్ అప్పన్న. హార్బర్‌కి అవతలున్న హోప్ టౌన్ వాడు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ కుటుంబం. పెళ్ళి బ్యాండులో డ్రమ్ము వాయిస్తూ, మిగతా రోజులు పడవ మీద పోతాడు. పుల్లలు కింద పెట్టి నా దగ్గరికొచ్చి గొణిగాడు.

"పార్వతక్కా, నానొక మాట సెప్తే తిట్టవు కదా? ఈలెప్పుడైనా కూకుని ఊదినారేటి? పుట్టినకాడ్నించి నడుత్తూ ఊదినోల్లు. కాలు కదలకపోతే ఊపిరెక్కడ్నించొత్తాది?"

నిజమే! పరేడ్ బ్యాండువాళ్ళ చప్పుడంతా అరికాలి నుంచి పుడుతుంది. అడుగు పడితే ఊపిరి పడుతుంది. ఈ సంగతి ఇంత చదువుకున్న నాకూ తట్టలేదు, రాసిన మాస్టర్‌కీ తట్టలేదు. ఆయనకి తట్టకపోవడం ఏంటంటారా? ఆయన ఆ కుర్చీల్ని అంతగా కోరుకున్నారు మరి.

నేను వెళ్ళి చెప్పాను. ఆయన కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డారు. "అంటే ఇక్కడ కూడా నిలబడే వాయించాలా?" అన్నారు. ఆ గొంతు విని నాలుక కొరుక్కున్నాను. ఆయనే తేరుకుని, "సరే. మేం నిలబడతాం. వినేవాళ్ళు కూర్చుంటే చాలు. హటావ్ కుర్సీ" అన్నారు.

కుర్చీలు పోయాయి. ఉన్నచోటే అడుగులు వేస్తూ వాయించమన్నాం. ఇప్పుడు సిమెంటు నేల మీద అడుగుల చప్పుడు ఒకటి తయారైంది. చెప్పులు విప్పించాను, అయినా దబదబలే. అప్పన్న ఊరుకుంటాడా, మర్నాడు ఫెర్రీ మీద పాత వలలు మోపులు మోపులుగా వేసుకొచ్చాడు. వాటిని పరిచి పైన జంబుకానాలు వేశాం. మెత్తగా, పరుపు మీద నడిచినట్టుంది. వాసన మాత్రం అడక్కండి, ఒక శాక్సోఫోన్ ఆయన తుమ్మలేక చచ్చాడు.

అప్పుడు ఊదారు.

ఎలా చెప్పాలి మీకు? అంతమంది ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు ముందు వినిపించింది. ఆ వెంటనే ఆ ఇత్తడి వాయిద్యాల మోతంతా ఒక్క దెబ్బలో పడింది. హెడ్‌ఫోన్స్‌లో కాదు, కాళ్ళ కింద నేలలో వినిపించింది. చిన్నప్పటి నుంచి మా నాన్నవాళ్ళు వల లాగుతూ పాడిన వరసే అది, నాకు కొత్తేం కాదు. కానీ ట్రాంబోన్లు లాగుతుంటే, శాక్సోఫోన్లు "ఇంకా, ఇంకా" అంటుంటే, అమ్మబాబోయ్, ఆ వలలో ఎంత బరువుందో మొదటిసారి తెలిసింది. నా కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి రాలేదు, శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద ఉండిపోయింది.

జోడు దెబ్బ

చివరి పాట రికార్డింగు రోజు జరిగింది వింటే మీరు నమ్మరు.

పరేడ్ బ్యాండులో వాళ్ళకి ఒక రివాజు ఉంది. పెద్ద డ్రమ్ము మీద జోడు దెబ్బ పడితే అందరూ వెనక్కి తిరిగి నడవాలి. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిపోయిన హుకుం అది. అప్పన్నకి ఆ సంగతి తెలియదు, వాడు పెళ్ళిళ్ళ మనిషి. పాట మాంచి ఊపులో ఉంది, వాడికి పూనకం వచ్చింది, కాలితో పెద్ద డ్రమ్ము మీద ధన్ ధన్ అని జోడు దెబ్బ వేశాడు.

అంతే. పరేడ్‌వాళ్ళందరూ, ఊదుతూ ఊదుతూనే, గిర్రున వెనక్కి తిరిగారు. తిరిగి నడక మొదలెట్టారు! మైకులకి వీపులు పెట్టి, హాలు అవతలి గోడ వైపు. వాళ్ళని చూసి పెళ్ళి బ్యాండువాళ్ళూ తిరిగారు. నికోబారీ అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్ళూ వెంటపడ్డారు. మాస్టర్ చేతులు గాల్లో అలాగే ఆగిపోయాయి.

నేను అలవాటు ప్రకారం "కట్" అనాలి. నోటి దాకా వచ్చింది. కానీ చెవి ఒప్పుకోలేదు. పాట దూరమవుతోంది. తగ్గించడం కాదు, దూరమవడం. ఆ రెంటికీ తేడా నేను ఏ మీట తిప్పీ ఎప్పుడూ తేలేకపోయాను. ఇత్తడి మెరుపు పోయి గుండ్రంగా, మసకగా, వీధి చివర మలుపు తిరుగుతున్న బ్యాండులా అయింది. ఇక్కడ అప్పన్న డ్రమ్ము, మాస్టర్ ఊపిరి మాత్రమే మిగిలాయి. ఇక అయిపోయిందనుకున్నాను.

గోడ వచ్చింది. గోడ వస్తే ఏం చేస్తారు? మళ్ళీ తిరిగారు. ఇప్పుడు మొహాలు మా వైపు. వస్తున్నారు, వస్తున్నారు, ఒక్కొక్క అడుగుకీ శబ్దం విచ్చుకుంటోంది, సూది ఎర్రలోకి పోయింది, పోతే పోనీ అనుకున్నాను. జంబుకానాల మీదికి వచ్చి చివరి స్వరం వేశారు.

మాస్టర్ నెమ్మదిగా నా వైపు తిరిగి, "రికార్డ్ హువా?" అని అడిగారు.

"అయింది మాస్టర్."

"మళ్ళీ చెయ్యం" అన్నారు.

ఎవరేమన్నారంటే

ఆల్బమ్ నెట్‌లో పెట్టాక మెయిన్‌లాండ్ నుంచి మాటలు రావడం మొదలైంది. ఒకాయన, రికార్డిస్టు చివరి పాటలో సాహసమైన ప్రయోగం చేసిందని నన్ను ఆకాశానికెత్తేశాడు. ఇంకొకాయన, మైకులు పెట్టడం రానివాళ్ళు చేసిన పని, మధ్యలో బ్యాండే మాయమైందని ఉతికి ఆరేశాడు. మొదటిది చదివి నవ్వొచ్చింది, రెండోది చదివి మంట పుట్టింది, ఆ తర్వాత రెండూ వదిలేశాను. పొగిడినవాడూ తిట్టినవాడూ మైకు గురించే మాట్లాడారు. అంతమంది మనుషులు నడిచారని ఇద్దరిలో ఎవరికీ వినిపించలేదు. మీ పని గురించి నాలుగు మాటలు రాశారని గాల్లో తేలకండి, కుంగిపోకండి. ఏం విన్నారో చూడండి.

మా ఊళ్ళో ఆ పాటలు పెన్‌డ్రైవుల్లో తిరిగాయి. ఆటోల్లో వేశారు, ఫెర్రీలో వేశారు. బాగానే ఉందన్నారు. ఒక పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు మాస్టర్‌ని బజార్లో పట్టుకుని, "బహుత్ అచ్ఛా, మాస్టర్ జీ! వచ్చే నెల బారాత్‌కి ఇదే బ్యాండు తెస్తారా? డ్యాన్సుకి సూపర్‌గా ఉంటుంది" అన్నాడట. వాడు మంచిగానే అన్నాడు పాపం. మాస్టర్ ఇంటికొచ్చి ట్రాంబోన్ పెట్టె మూసి మంచం కింద తోసేశారు.

"చూశావా పార్వతీ? మళ్ళీ మమ్మల్ని నడిపిస్తున్నారు" అన్నారు.

డాలీగంజ్ హాల్లో

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. డాలీగంజ్‌లో కమ్యూనిటీ హాలు మాట్లాడి, మంచి స్పీకర్లు పెట్టించి, కుర్చీలు వేయించాను. "ఆల్బమ్ మొత్తం వినిపిస్తాం, భోజనాలుండవు" అని అందరికీ చెప్పాను. భోజనాలు లేకుండా ఎవరొస్తారక్కా అని మా తమ్ముడు వెక్కిరించాడు.

వచ్చారు. హోప్ టౌన్ నుంచి అప్పన్నవాళ్ళ పడవలవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, మా గల్లీవాళ్ళు, చర్చివాళ్ళు. చేపలమ్మే నూకాలమ్మ పిన్ని అమ్మకం ముగించుకుని స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆవిడ కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి, బజార్లో ఎప్పుడూ గొంతుక్కూర్చునే ఉంటుంది. బ్యాండువాళ్ళు వెనక వరసల్లో కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టర్ మాత్రం కూర్చోనన్నారు. తలుపు దగ్గర నిలబడ్డారు. ఎవరైనా లేస్తారేమో చూడటానికని నాకు తెలుసు.

మా దీవుల్లో సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది. పాటలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తున్నాయి. వల లాగే వరస వచ్చినప్పుడు పడవలవాళ్ళ భుజాలు వాటంతటవే కదిలాయి. ఎవరూ మాట్లాడలేదు. నాకు పాట కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ వినిపించింది.

చివరి పాట. జోడు దెబ్బ పడింది. బ్యాండు వెనక్కి తిరిగింది. దూరంగా, ఇంకా దూరంగా పోతోంది. సరిగ్గా అది గోడ దగ్గరికి చేరే వేళకి కరెంటు పోయింది.

హాలంతా చిమ్మ చీకటి. ఇంకెప్పుడూ పోలేవా అమ్మా నువ్వు, ఇప్పుడేనా అని కరెంటుని తిట్టుకున్నాను. పాట సరిగ్గా సన్నగిల్లిన చోటే ఆగిపోయింది కాబట్టి అయిపోయిందనే అనుకుంటారు ఎవరైనా. కుర్చీలు జరిపే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. మా ఉద్యోగంలో ఎంత చిన్న చప్పుడైనా పట్టుకుంటాం కదా.

తలుపు దగ్గర నుంచి మాస్టర్ గొంతు, మెల్లగా: "పార్వతీ... వెళ్ళిపోయారా?"

నేను విన్నాను. ఊపిరి తీసే చప్పుడు ఉంది. ఎవరిదో దగ్గు ఉంది. కుర్చీ కాలు ఒక్కటి కూడా కదల్లేదు.

"లేదు మాస్టర్. అందరూ ఇక్కడే ఉన్నారు."

చీకట్లోంచి నూకాలమ్మ పిన్ని కసిరింది. "ఏటయ్యా ఆ గుసగుసలు? ఎల్లిన బ్యాండు తిరిగి రావాల కదేటి? ఈ పొద్దు కాకపోతే రేపొత్తాది. మాం కూకుంటాం. నువ్వూ కూకో బాబూ, నిలబడి నిలబడి కాల్లు పీకడం లేదేటి నీకు?"

ఎవరో నవ్వారు. ఎవరో ఫోన్ లైటు వేసి ముందు వరసలో ఒక ఖాళీ కుర్చీ చూపించారు. మాస్టర్ నడిచి వెళ్ళి, ప్యాంటు మడతలు సర్దుకుని, జనం మధ్యలో కూర్చున్నారు.